గడ్డం ఆనించే చెక్క

గోల్ఫ్ ఎక్స్‌పోకి పోవడం మీద పిడిమావకి ఎప్పుడూ ఒకటే అభిప్రాయం. కడుపు నిండినవాడు కూరగాయల సంతకి పోయినట్టు. అవసరమేమీ ఉండదు, తిరిగొచ్చేటప్పుడు సంచీ మాత్రం బరువుగా ఉంటుంది. ఎప్పుడో ఒక్కసారి పోయాడు. ఒక టోపీ, నాలుగు పెన్నులు, రెండు మోకాళ్ల నొప్పులు తెచ్చుకున్నాడు. టోపీ బిగుతైంది, పెన్నులు రాయలేదు. మోకాళ్ల నొప్పులు మాత్రం ఇప్పటికీ చక్కగా పనిచేస్తున్నాయి.

అలాంటి మనిషి ఆ శనివారం పొద్దున్నే బావమరిది వ్యానులో, ముందు సీట్లో, మోకాళ్ల మధ్య కూతురి పెద్దకర్ర నిలబెట్టుకుని ఎక్స్‌పోకి బయల్దేరాడంటే, ఊరికే కాదు.

పెద్దకర్ర అంటే గోల్ఫ్‌లో మొదటి దెబ్బకి వాడే పొడుగు కర్ర. బంతిని అన్నిటికన్నా దూరం పంపేది అదే. కూతురి పెద్దకర్ర పది రోజులుగా మాట వినడం లేదు. ఎంత సూటిగా కొట్టినా బంతి కొంతదూరం బుద్ధిగా పోతుంది, ఆ తర్వాత తల్లి చెయ్యి విడిపించుకున్న పిల్లాడిలా కుడివైపుకి పారిపోతుంది. పరీక్ష చూస్తే సోమవారమే.

కూతురు ప్రాక్టీస్ మైదానంలో పిల్లలకి ఆట నేర్పుతుంది. కోచ్ అనడానికి లేదు, కోచ్ పక్కన నిలబడే మనిషి. కోచ్ కావాలంటే ఒక రోజంతా ఆడి, ఇన్ని దెబ్బల లోపు ముగించాలని లెక్క ఉంది. కిందటిసారి మూడు దెబ్బల తేడాతో పోయింది. మైదానం ఓనరు మంచివాడే గానీ మొహమాటం లేనివాడు. "సోమవారం గట్టెక్కితే పిల్లల క్లాసు నీదే, పర్మినెంటు. లేదంటే ఒకటో తారీఖు నుంచి వేరే ఆయన వస్తాడు. నన్ను తిట్టుకోకు" అని ముందే చెప్పేశాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ పిల్ల సగం తిండి మానేసింది.

"బావా, కాస్త నవ్వొచ్చుగా. ఫ్రీగా తీసుకెళ్తున్నా" అన్నాడు బావమరిది. వ్యాను నడిపే పని అతనిది. రెండు రోజులుగా ఎక్స్‌పో స్టాళ్లకి అట్టపెట్టెలు దింపుతూ మూడు పాసులు సంపాదించాడు. అప్పుడే ఒకటి మెళ్లో వేసుకుని పెళ్లికొడుకులా ఉన్నాడు.

"ఫ్రీగా వచ్చేది జలుబు ఒక్కటేరా" అన్నాడు పిడిమావ.

"అక్కడ మిషన్ పెట్టారు. బంతి కొట్టావనుకో, ఎంత స్పీడు, ఎంత ఎత్తు, ఎటు తిరిగింది, అన్నీ తెర మీద పడిపోతాయి. మీ రేకుల గదిలో కూర్చుంటే ఏం తెలుస్తుంది?"

"రేకుల గదిలో కూర్చునే నీ చెల్లెల్ని... కాదు, నీ అక్కని పోషించా."

"తడబడ్డావంటే భయపడుతున్నావన్నమాట!"

వెనక సీట్లోంచి కూతురు విసుక్కుంది. "మామయ్యా, నాన్నా, మీ సరసాలు తర్వాత. తప్పు నా చేతుల్లో ఉందా, కర్రలో ఉందా, నాకు అదొక్కటీ తెలిస్తే చాలు. పిడి సంగతి చూడక్కర్లేదు. పిడి నాన్న వేసిందే."

ఆ మాటకి పిడిమావ ఛాతీ ఒక అంగుళం పెరిగింది. ఆ అంగుళమే సాయంత్రానికి ముల్లై కూర్చుంటుందని అప్పుడు తెలీదు.

రేకుల గదిలో పిడిమావ పనేమిటో చెప్పాలి. గోల్ఫ్ కర్రకి చేత్తో పట్టుకునేచోట రబ్బరు పిడి ఉంటుంది. అరిగితే కోసి తీసేసి, కడ్డీకి రెండువైపులా అంటుకునే టేపు చుట్టి, పిడి జారడానికి మందు పోసి, కొత్త పిడి తొడగాలి. తొడిగాక నిమిషం టైముంటుంది. ఆ నిమిషంలో సూటిగా తిప్పుకుంటే తిప్పుకున్నట్టు, లేదంటే బిగుసుకుపోతుంది. కొన్ని పిడులకి అడుగున వెన్నులా సన్నని గట్టు ఉంటుంది. ఆడేవాడి వేళ్లు ఆ గట్టుని వెతుక్కుని కూర్చుంటాయి. గట్టు సూటిగా ఉంటే కర్ర మొహం సూటిగా ఉంటుంది. గట్టు నువ్వుగింజంత పక్కకి జరిగిందా, చేతులు సరిగ్గానే పట్టుకున్నామనుకుంటాయి, కర్ర మొహం మాత్రం పెడగా చూస్తుంది.

ఆ గట్టుని సూటిగా నిలపడానికి పిడిమావకి ఒక పద్ధతుంది. కర్రని బోర్లా బిగిస్తాడు. ఎదురుగా బరువు కట్టిన నల్లదారం వేలాడుతుంది. బల్ల అంచున గడ్డం ఆనించే చెక్క ఒకటుంది, తనే చెక్కుకున్నాడు. దాని మీద గడ్డం పెట్టి, ఎడమకన్ను మూసి, కుడికన్నుతో దారాన్నీ గట్టునీ ఒక్క గీతగా చూసుకుంటాడు. ముప్పై ఏళ్లలో చెక్కకి గడ్డం అచ్చు పడింది. అతని పేరు పోయి పిడిమావ మిగిలింది. "పిడిమావ చెయ్యి తప్పదు" అనేది ఆ మైదానంలో సామెత.

ఇక ఎవరికీ చెప్పని సంగతి. మూడు నెలలుగా ఆ కుడికన్ను ముందు పాలకాగితం అడ్డం పెట్టినట్టుంది. డాక్టరు చూసి, పొర వచ్చింది, ఆపరేషన్ చేయించుకోమని చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ టేపుచుట్టల కింద డ్రాయరులో ఉంది. మావ కన్ను పోయిందటని ఒక్కడన్నా చాలు, వంద కర్రలు వేరే చోటికి నడిచి పోతాయి. అందుకని కుడికన్ను మూసి ఎడమకన్నుతో పని కానిస్తున్నాడు. ఒక కాలు నొప్పెడితే రెండో కాలి మీద బరువు వేస్తాం కదా, ఇదీ అంతే అనుకున్నాడు. రెండూ నా కళ్లే కదా!

ఎక్స్‌పో హాలు పెద్ద గోడౌన్‌లా ఉంది. నెత్తిన తెల్ల లైట్లు, కింద పచ్చ కార్పెట్టు. ఎటు చూసినా నెట్లు, నెట్లలోకి ఠప్పుఠప్పుమని బంతులు. మైకులో ఒకావిడ ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతోంది. ఒకడు బెల్టు కట్టి నడుము తిప్పమంటాడు, ఒకడు బురద అంటని బూట్లంటాడు. బావమరిది పది అడుగులకోసారి ఆగి చెయ్యి చాస్తున్నాడు. అప్పటికే మూడు సంచులు, రెండు నీళ్ల సీసాలు, ఎవరిదో గొడుగు.

"గొడుగు ఎక్కడిదిరా?"

"ఇచ్చారు బావా."

"అడిగావా?"

"అడగలేదు. కాదనలేదు."

నీలంకోటు వేసుకున్న స్టాలు కుర్రాడు కూతుర్ని నెట్టు ముందు నిలబెట్టాడు. మాట మెత్తనివాడు, తొందరపెట్టేవాడు కాడు. అలాంటివాళ్లంటేనే పిడిమావకి భయం. "ముందు మీ కర్రతోనే ఐదు కొట్టండి మేడమ్."

మొదటిది కొట్టింది. తెర మీద తెల్లగీత లేచి, వంగి, కుడివైపు చెట్లబొమ్మల్లో కలిసిపోయింది. రెండోదీ అంతే. ఐదూ అంతే. కూతురి మెడ మీద చెమట కనిపించింది.

"మీ స్వింగ్ బాగుంది. నిజంగా బాగుంది. కర్ర మొహమే బంతికి తగిలేటప్పుడు కుడికి తెరుచుకుంటోంది. ప్రతిసారీ ఒకే లెక్క. మనిషి తప్పయితే ఇంత ఒకేలా ఉండదు" అన్నాడు నీలంకోటు. తర్వాత కొత్తకర్ర ఒకటి చేతికిచ్చాడు. దాని పిడి గుండ్రంగా, నున్నగా, గట్టు లేకుండా ఉంది. పిడిమావ వేళ్లతో తడిమి చూసి తిరిగిచ్చాడు. తడిమాడే గానీ ఆ గట్టు లేకపోవడం బుర్రకెక్కలేదు.

కూతురు కొట్టింది. గీత సూటిగా పోయింది.

మళ్లీ కొట్టింది. సూటిగా.

పది రోజులుగా చూడని నవ్వు పిల్ల మొహంలో కనిపించింది. బావమరిది గొడుగు ఎత్తి ఊపాడు. ఆరు బంతులు అలాగే పోయాయి. ఏడోది మాత్రం ఎడమకి మెలితిరిగింది. "అలసిపోయారు మేడమ్, చాలు" అని నీలంకోటు మిషన్ ఆపేశాడు.

ఏడోది ఎందుకు తిరిగింది? ఆ ప్రశ్న పిడిమావ గొంతులో చేపముల్లులా ఆగింది. పరీక్ష ఎల్లుండి. చేతికి అలవాటు లేని కర్ర. ఇక్కడ గాలి లేదు, ఎండ లేదు, కాళ్ల కింద గడ్డి లేదు.

"ఈ ఆఫరు నాలుగింటిదాకే. పాతకర్ర ఇచ్చేస్తే కొత్తది సగానికే వస్తుంది. ఇచ్చిన కర్ర మాత్రం తిరిగివ్వరు, అదిగో ఆ పీపాలో వేసేస్తారు" అన్నాడు నీలంకోటు. పీపా నిండా పాతకర్రలు తలకిందులుగా, ఒక్కోదానికీ పచ్చ చీటీ అంటించి ఉన్నాయి. పక్కన బల్ల దగ్గర ఒకమ్మాయి కంప్యూటరుతో కూర్చుంది. గోడ గడియారంలో మూడుంపావు.

"నాన్నా, ఏం చేయమంటావు?"

పిడిమావ లెక్క వేసుకున్నాడు. వద్దంటే, సోమవారం బంతి కుడికి పోతే, ఆ పాపం తనది. ఔనంటే, ఏడో బంతి గుర్తొస్తోంది. "కాసేపు ఆలోచించుకో తల్లీ. నేను మంచినీళ్లు తాగొస్తా" అని జనంలో పడ్డాడు. మంచినీళ్లు బావమరిది సంచిలోనే రెండు సీసాలున్నాయి.

పది స్టాళ్ల అవతల గుంతలోకి బంతి దొర్లించే పొట్టికర్రలు అమ్మేచోట జుట్టు ముడేసుకున్న ఒకావిడ అతన్ని ఆపింది. "అంకుల్, ఒక్క నిమిషం. మీది ఏ కంటి చూపో చూద్దాం."

పిడిమావ వెనక్కి జరిగాడు. తెలిసిపోయిందా? "నా కళ్లకేం?"

"మీకనే కాదు, అందర్నీ అడుగుతా. ప్రతి మనిషికీ ఒక కన్నే గురి చూస్తుంది. రెండు చేతులతో సున్నా చుట్టండి. ఆ సున్నాలోంచి అదిగో ఆ ఎర్రజెండా చూడండి. తల కదపొద్దు. ఇప్పుడు ఎడమకన్ను మూయండి."

మూశాడు. మసకమసకగానే, జెండా సున్నా మధ్యలో ఉంది.

"ఇప్పుడు కుడికన్ను మూసి ఎడమది తెరవండి."

జెండా లేదు. సున్నాలో ఖాళీ గోడ. జెండా బెత్తెడు పక్కకి గెంతి కూర్చుంది.

"చూశారా! తల అక్కడే ఉంది, చేతులు అక్కడే ఉన్నాయి. కన్ను మారితే గురి మారిపోతుంది. మీది కుడికన్ను అంకుల్. ఎడమకన్నుతో చూసి సూటి అనుకుంటే అది సూటి కాదు."

ఆవిడ ఇంకేదో చెబుతూనే ఉంది. పిడిమావకి వినపడలేదు. ఆ హాల్లో అన్ని బంతుల చప్పుడూ ఆగిపోయినట్టయింది. గడ్డం ఆనించే చెక్క కళ్ల ముందు నిలబడింది. ముప్పై ఏళ్ల గడ్డం అచ్చు. గడ్డం అక్కడే, దారం అక్కడే. కన్ను మారింది. చెక్క జరపలేదు!

కూతురి పెద్దకర్రకి పిడి వేసి ఎన్నాళ్లు? పది రోజులు. బంతి పారిపోవడం మొదలై ఎన్నాళ్లు? అవే పది రోజులు. కొత్తకర్రకి గట్టు లేదు కాబట్టి చేతులు వాటంతటవి సూటిగా కూర్చున్నాయి. ఏడోదానికి, పది రోజులుగా కుడికి పోకుండా మణికట్టు తిప్పడం అలవాటు చేసుకుందే, ఆ తిప్పుడు వచ్చేసింది.

చెప్పొద్దూ, పిడిమావ మంచివాడే గానీ దేవుడు కాదు. నోరు మూసుకుంటే ఏం పోతుంది, అని ఒక మాట లోపల్నుంచి మెల్లగా పలికింది. పిల్ల కొత్తకర్ర తీసుకుంటుంది. పాతది పీపాలో పడుతుంది. వంకరపిడి సాక్ష్యం దాంతోనే పోతుంది. నీ పేరు నిలబడుతుంది. కన్ను సంగతి తర్వాత చూసుకోవచ్చు. రెండు అడుగులు బయటి తలుపు వైపే వేశాడు కూడా.

అప్పుడు పిల్లల కర్రలు గుర్తొచ్చాయి. కూతురి క్లాసులోవి, మూరెడేసి బుల్లికర్రలు. కిందటి నెలే పన్నెండింటికి గట్టు పిడులు వేశాడు. ఎడమకన్నుతో. పెద్దవాళ్లయితే తిట్టుకుంటారు, మార్చుకుంటారు. పిల్లలకేం తెలుసు? చేతికిచ్చిన వంకరే సూటి అనుకుని నేర్చుకుంటారు.

వెనక్కి తిరిగాడు. మోకాళ్ల సంగతి మర్చిపోయాడు. జనాన్ని తోసుకుంటూ, బెల్టువాణ్ని దాటి, బూట్లవాణ్ని గుద్దుకుని, "ఏంటి పెద్దాయనా!" అన్న తిట్టు వీపున వేసుకుని పోయాడు. ఒక మలుపు తప్పాడు. ఏ వరస చూసినా నెట్లే. కుడివైపు ఉన్నదేదీ సరిగ్గా ఆనడం లేదు. చివరికి జనం నెత్తుల మీద ఊగుతున్న గొడుగు కనిపించింది. జన్మలో మొదటిసారి బావమరిది దొంగబుద్ధికి దణ్ణం పెట్టుకున్నాడు.

బల్ల దగ్గర కూతురు పెన్ను మూత పెడుతోంది. కర్రకి పచ్చ చీటీ అంటింది. కంప్యూటరు అమ్మాయి దాన్ని పీపాలోకి జార్చేసింది.

"ఆగమ్మా! సంతకం పెట్టకు!"

"పెట్టేశా నాన్నా. ఎక్కడికెళ్లావు? మామయ్య కూడా ఇదే మంచిదన్నాడు."

"ఆ కర్ర వెనక్కి తీసుకో."

"కుదరదు సార్. నంబరు సిస్టంలో ఎక్కిపోయింది. పీపాలో వేశాక తీయకూడదు" అంది బల్ల దగ్గరమ్మాయి.

"తీయాలమ్మా. దాని తప్పేం లేదు." పిడిమావకి ఊపిరి అందడం లేదు. కూతురి వైపు తిరిగాడు. "నీ తప్పూ లేదు. తప్పు నాది. పిడి వంకరగా వేశా."

ముందుగా నవ్వింది బావమరిది. "బావకి ఏసీ పడలేదు. పద బావా, బయట కూర్చుందాం."

"నువ్వు నోర్ముయ్యరా." ఆ గొంతుకి బావమరిది నిజంగానే నోరు మూశాడు. పిడిమావ నిలబడ్డచోటే మొత్తం చెప్పేశాడు. కుడికంటి పొర, డాక్టరు చీటీ, ఎడమకన్ను, చెక్క, ఎర్రజెండా. చెబుతున్నంతసేపూ కూతురి మొహం చూడలేకపోయాడు. పీపాలో కర్రల్నే చూస్తూ చెప్పాడు. వెనకాల వరసలో నిలబడ్డవాళ్లు వింటున్నారు. అందులో ఒకాయన మైదానానికి వచ్చే మనిషే. విననీ.

"ఎన్నాళ్లయింది కన్ను?" అంది కూతురు.

"మూడు నెలలు."

"అమ్మకి తెలుసా?"

"మీ అమ్మకి తెలిస్తే వీధిలో ఎవరికి తెలియకుండా ఉంటుంది?"

నవ్వలేదు పిల్ల. "పది రోజులు నాన్నా. కాళ్లు మార్చి చూశా, భుజం మార్చి చూశా, నాకిక ఆట రాదేమో అనుకున్నా. అన్నిట్నీ అనుమానించా. నువ్వు వేసిన పిడిని తప్ప. నువ్వు మాత్రం చీటీ డ్రాయర్లో పెట్టుకుని కూర్చున్నావు."

దెబ్బ కొట్టినా అంత నొప్పెట్టదు. "తిట్టు. ఇంకా తిట్టు. కానీ గడియారం చూసి తిట్టు తల్లీ. పిల్లల కర్రలు పన్నెండు కూడా నేను అలాగే వేశా. వాటి సంగతి రేపు. ముందు నీది."

మూడూ నలభై అయింది. బల్ల దగ్గరమ్మాయి కంప్యూటరు వైపు, నీలంకోటు వైపు చూస్తోంది. నీలంకోటు కాసేపు తల గోక్కున్నాడు. అమ్మకం చేతికొచ్చి జారిపోతోంది. కుదరదనొచ్చు, తప్పేం కాదు. కానీ "ఆయన చెప్పేది నిజమో కాదో మిషనే చెప్తుంది. బయటికి తీసుకెళ్లరు, ఇక్కడే ఐదు బంతులు. నా పూచీ" అని తనే పీపాలోంచి కర్ర లాగి తెచ్చాడు.

పిడిమావ జేబురుమాలు తీసి పిడి చుట్టూ బిగించి చుట్టాడు, మడత మీద మడత, రెండు పొరలు. "వేళ్లకి గట్టు తగుల్తోందా?"

"లేదు."

"తగలకూడదు. గట్టు మర్చిపో. ముందు కర్ర మొహం బంతి వెనక సూటిగా పెట్టు, కళ్లతో చూసుకో. ఆ తర్వాత చేతులు వెయ్యి."

పిల్ల నిలబడింది. చుట్టూ పదిమంది పోగయ్యారు. మైకావిడ ఎక్కడో లక్కీడ్రా గురించి అరుస్తోంది. పిడిమావ ఎడమకన్నొక్కటీ తెర మీద పెట్టాడు. ఇదీ కుడికి పోయిందా, కన్నూ పోయింది, మాటా పోయింది, ఆఫరూ పోతుంది, ఎల్లుండి పిల్ల వట్టి చేతులతో నిలబడుతుంది.

ఠప్!

గీత లేచింది. ఎడమకి మెలితిరిగి చెరువుబొమ్మలో పడింది.

"అయ్యో" అన్నారెవరో. కూతురు తండ్రి వైపు చూసింది. ఆ చూపు చాలు, భూమి చీలితే దూరిపోయేవాడు. కానీ ఆ ఎడమ మెలిక అతనికి తెలిసిన మెలికే. "అది కర్ర కాదు తల్లీ, నీ మణికట్టు! కుడికి పోకూడదని పది రోజులు నువ్వు నేర్చుకున్న తిప్పుడు. కొత్తకర్రతో ఏడోది అలాగే పోయింది, చూశా. అది వదిలెయ్. పిల్లలకి ఏం చెప్తావు నువ్వు?"

కూతురి పెదవులు కదిలాయి. "పక్షిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకో అని చెప్తా."

"మరి పట్టుకో."

భుజాలు దించింది. ఒకసారి కళ్లు మూసి తెరిచింది. కొట్టింది.

గీత లేచింది. పోయింది, పోయింది. తెర మధ్యలో ఉన్న తెల్లజెండా మీదుగా, ఈ పక్కకి గానీ ఆ పక్కకి గానీ చూడకుండా పోయింది. మూడోదీ పోయింది. నాలుగోదీ, ఐదోదీ కూడా. నీలంకోటు అంకెల వైపు వంగి చూసి, "ఈ కర్రకి ఏ రోగం లేదు అంకుల్" అని పచ్చ చీటీ తనే గోరుతో గీకేశాడు. బల్ల దగ్గరమ్మాయి పెద్దగా నిట్టూర్చి కంప్యూటర్లో ఏదో కొట్టేసింది.

తిరుగుదారిలో, వ్యానులో, బావమరిది రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ మూసుకున్నాడు. అతని జన్మలో అదొక రికార్డు.

ఆదివారం పొద్దున్నే పిడిమావ రేకుల గది తలుపు తీసేసరికి కూతురు ముందే వచ్చి మెట్టు మీద కూర్చుని ఉంది. లోపలికి పోయి డ్రాయరు లాగి, టేపుచుట్టలు ఎత్తి, చీటీ తీసి తన జేబులో పెట్టుకుంది. తర్వాత ఎడమకన్ను మూసి, గడ్డం చెక్క మీద ఆనించింది. తండ్రి గడ్డం అచ్చులో ఆమె గడ్డం సరిపోలేదు. పిడిమావ చెక్క ఊడదీసి, ఆమె కుడికన్ను దారానికి ఎదురుగా వచ్చేదాకా జరిపి, మళ్లీ మేకులు కొట్టాడు. పాత పిడి కోశాడు, టేపు చుట్టాడు, మందు పోశాడు, కొత్తది తొడిగాడు.

"కుడికి" అంది పిల్ల. "ఇంకా. ఆగు. ఎక్కువైంది, వెనక్కి. వెంట్రుకంత. చాలు."

నిమిషం గడిచి బిగుసుకుంది. తర్వాత పిల్లల కర్రలు పన్నెండూ అలాగే చేశారు, ఒకరు చూసి, ఒకరు తిప్పి. అన్నం కూడా బల్ల మీదే తిన్నారు. సాయంత్రం పిడిమావ ఫోను పట్టుకుని, మూడు నెలల్లో గట్టు పిడులు వేయించుకున్న ఒక్కొక్కరికీ తనే చెప్పుకున్నాడు. కన్ను బాలేదు, పిడి వంకరయింది, తెచ్చుకోండి, మళ్లీ వేస్తాను, చూసేది మా అమ్మాయి. కొందరు అయ్యో అన్నారు, ఇద్దరు నొచ్చుకున్నారు. పుట్టినప్పట్నుంచీ బంతిని ఎడమకే కొట్టే ఒక పెద్దాయన మాత్రం, "ముట్టుకున్నావంటే ఊరుకోను మావా! ఇన్నేళ్లకి ఇప్పుడే సూటిగా పోతోంది" అని ఫోను పెట్టేశాడు.

సోమవారం మొదటి దెబ్బ కొట్టేచోట తాడు కట్టి జనాన్ని ఆపారు. పిడిమావ, బావమరిది తాడు ఇవతల. ఆకాశం మబ్బుగా ఉంది. అంత దూరం పోయే బంతి తనకి ఆనదని పిడిమావకి తెలుసు. అందుకని బంతిని చూడదలుచుకోలేదు, కూతుర్ని చూశాడు. బంతిని చెక్కపుల్ల మీద నిలబెట్టింది. కర్ర మొహం సూటిగా పెట్టుకుంది. వేళ్లు పిడి మీద గట్టుని వెతుక్కుని కూర్చున్నాయి. ఒక్క రవ్వ ఆగాయి.

కొట్టింది. బంతి ఎటు పోయిందో చివరిదాకా చూడనే లేదు పిల్ల. వంగి చెక్కపుల్ల ఏరుకుని జేబులో వేసుకుని నడిచింది.

"ఎటు పోయిందిరా?" అన్నాడు పిడిమావ, తెలిసే.

"నీ నోటిలా పోయింది బావా, సూటిగా" అన్నాడు బావమరిది గొడుగు తెరుస్తూ. చినుకులు మొదలయ్యాయి. "ఏమన్నావు ఆ రోజు? ఎక్స్‌పోకి పోవడం దండగా?"

"కొనడానికైతే దండగేరా. చూపించుకోడానికైతే పోవాలి."

"గొడుగు?"

"గొడుగుకైతే నువ్వు ఒక్కడివే పో."

సాయంకాలం పేర్లు రాసిన బోర్డు చుట్టూ జనం మూగారు. పిడిమావ దగ్గరికి పోలేదు, పోయినా ఆ అక్షరాలు ఆనవు. బెంచీ మీద కూర్చుని తడిసిన బూట్లు చూసుకుంటున్నాడు. ఎదురుగా బురద బూట్లు రెండు వచ్చి ఆగాయి.

కూతురు కాగితమేమీ చూపించలేదు. పెద్దకర్ర తిప్పి పిడి అతని చేతికందించింది. ఇంకా వేళ్ల వేడి ఉంది దానికి.

"వాళ్ల లెక్కకి ఇంకా ఒక్క దెబ్బ మిగిలింది నాన్నా" అంది. "ఒకటో తారీఖు నుంచి పిల్లల క్లాసు నాది. బుధవారం నీకు ఆపరేషన్, మామయ్య వ్యాను తెస్తాడు. ఈ పిడి ఆర్నెల్లు వస్తుంది కదా?"

"వస్తుంది."

"సరే. తర్వాతది నువ్వే వెయ్యి. చెక్క మళ్లీ వెనక్కి జరిపిస్తా."